ప్రధానం అయ్యాక "ముందు నీళ్ళల్లో దిగు" అంటున్నారు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నాకు 26 ఏళ్ళు. మాది గుంటూరు. తాతల కాలం నుంచీ లూథరన్ సంఘం. మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు నాకు బాప్తిస్మం ఇచ్చారు, పదో తరగతిలో కన్ఫర్మేషన్ (పెద్దయ్యాక సంఘం ముందు విశ్వాసాన్ని సొంతంగా ఒప్పుకోవడం) అయింది. ఆరేళ్ళుగా సండే స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. విజయవాడ సంబంధం కుదిరి ప్రధానం కూడా అయింది. జనవరిలో పెళ్ళి. అబ్బాయి వాళ్ళు బాప్టిస్టులు, వాళ్ళ నాన్నగారు సంఘంలో డీకను, అంటే సంఘం పనులు చూసే పెద్ద. ఇప్పుడేమో "అమ్మాయి ముంచే బాప్తిస్మం తీసుకుంటేనే మన గుడిలో పెళ్ళి, సభ్యత్వం, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం)" అంటున్నారు. అబ్బాయిని అడిగితే "అరగంట పని. దిగి, తల తుడుచుకుని వచ్చేయడమే. అమ్మావాళ్ళ సంతోషం కోసం చెయ్" అన్నారు. అత్తగారు "మీ వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఏ బుధవారమో కృష్ణ దగ్గర కానిచ్చేద్దాం" అన్నారు. ఎలాగో మా నాన్నగారికి తెలిసింది. "అయితే ఇన్నేళ్ళూ మనం క్రైస్తవులం కాదా?" అని ఒక్క మాటని ఊరుకున్నారు. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. నాయనమ్మ "నిన్ను చేతుల్లో ఎత్తుకుని నిలబడింది నేనే కదే" అని ఏడుస్తోంది.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. కాలేజీ రోజుల్లో అపొస్తలుల కార్యములు చదివినప్పుడు, నేనూ నా అంతట నేను నీళ్ళల్లో దిగి సాక్ష్యమిస్తే బాగుండునని అనిపించేది. ఇప్పుడు అందరూ తోస్తుంటే ఆ కోరిక నాదో వాళ్ళదో తెలియడం లేదు. పైగా ఈ నెల మా పిల్లలకి ఫిలిప్పు, ఐతియొపీయుడైన నపుంసకుడు పాఠం వచ్చింది, దారిలో ఫిలిప్పు అతనికి బాప్తిస్మం ఇచ్చిన కథ. చెప్పడానికి నోరు రావడం లేదు. దాటేయనా? నేనేం చెయ్యాలి?
– ఒక సహోదరి, గుంటూరు

సమాధానం:

అమ్మా, నా మనవరాలి వయసుదానివి, అందుకని "నువ్వు" అనే రాస్తున్నాను. ఏమీ అనుకోకు.

నేనెవరో ముందే చెప్పేస్తాను. నేను బాప్టిస్టుని. నలభై ఏళ్ళు బాప్టిస్టు సంఘాల్లోనే కాపరి (పాస్టరు) పని చేశాను. బాప్తిస్మం అంటే నమ్మినవాళ్ళని నీళ్ళల్లో ముంచడమేనని ఈ రోజుకీ నమ్ముతాను, మీ నాన్నగారి ఎదురుగా కూర్చుని కూడా ఆ మాటే అంటాను. అలాంటివాణ్ణే నీకు చెబుతున్నాను: పెళ్ళికి ముందు ఈ బాప్తిస్మం తీసుకోవద్దు.

మావాళ్ళు కొందరు ఇది చదివి నా మీద కోప్పడతారు. పడనీ. నేను ఇలా అంటున్నది బాప్టిస్టు నమ్మకాన్ని పక్కన పెట్టి కాదు, దాన్ని పట్టుకునే.

మీ రెండు ఇళ్ళవాళ్ళు ఒకే మాటకి రెండు అర్థాలు పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. మీ సంఘంలో నేర్పేది ఏమిటి? బాప్తిస్మం దేవుడు చేసే పని. బిడ్డకి ఏమీ తెలియకపోవడమే అక్కడ అందం, మనం పిలవకముందే ఆయన మనల్ని పిలిచాడని. 1530లో లూథరన్లు ఆగ్స్‌బర్గ్‌లో చదివిన విశ్వాస ప్రమాణంలోనే పిల్లలకి బాప్తిస్మం ఇవ్వాలని ఉంది. కాబట్టి రెండోసారి అంటే, దేవుడు ఇచ్చిన మాటని కొట్టేసి మళ్ళీ రాయించుకున్నట్టు వాళ్ళకి అనిపిస్తుంది. మా లెక్క వేరు. రోమా పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు చెప్పినట్టు, పాత మనిషిని పాతిపెట్టి కొత్త మనిషిగా లేవడం అది. దేవుడి పిలుపుకి మనిషి ఇచ్చే జవాబు. నా జవాబు మా అమ్మ చెప్పలేదు కదా! అందుకే మావాళ్ళు "మళ్ళీ బాప్తిస్మం" అనరు, "మొదటిది బాప్తిస్మం కాదు" అంటారు. వాదంలో అది తిన్నగానే ఉంటుంది, ఒక తండ్రి చెవికి మాత్రం బాకులా తగులుతుంది.

మీ నాన్నగారి ప్రశ్నకి బాప్టిస్టుగా నా జవాబు ఆయనకి చదివి వినిపించు. బాప్తిస్మం వల్ల మనిషి క్రైస్తవుడు అవుతాడని మేము నమ్మం. క్రీస్తు మీద విశ్వాసం వల్ల అవుతాడు, బాప్తిస్మం దాని వెనక నడిచి వస్తుంది. యేసు పక్కన సిలువ మీద ఆయన్ని నమ్మిన దొంగ ఏ నీళ్ళల్లోనూ దిగలేదు. కాబట్టి మా సిద్ధాంతం ప్రకారమే చూసినా "మనం క్రైస్తవులం కాదా" అనే ప్రశ్నకి తావు లేదు. మీ నాన్నగారు క్రైస్తవుడే, మీ నాయనమ్మా క్రైస్తవురాలే. కాదని ఏ డీకను గారైనా అంటే ఆయనకి బాప్టిస్టు పాఠాలు మళ్ళీ మొదటి నుంచీ చెప్పాలి.

ఇంకో మాట. మీ ఇల్లు లూథరన్ కావడానికీ ఆ అబ్బాయి ఇల్లు బాప్టిస్టు కావడానికీ కారణం చాలావరకు ఊళ్ళే. 1842లో హయ్యర్ దొర గుంటూరులో దిగారు, అక్కడ లూథరన్ మిషన్ పుట్టింది. అమెరికన్ బాప్టిస్టులు 1840లోనే నెల్లూరులో స్థిరపడి, ఒంగోలు మీదుగా బాపట్ల, వినుకొండ, నరసరావుపేట దాకా వచ్చారు. ఒకరి పొలంలో ఒకరు దిగకూడదని మిషన్లు తర్వాత ప్రాంతాలు పంచుకున్నాయి. మన తాతలు గ్రీకు మాటలకి అర్థాలు వెతికి మిషన్ ఎంచుకోలేదు, తమ పల్లెకి ఏ దొర గుర్రం మీద వస్తే ఆ దొర మాట విన్నారు. ఆ దొర ఇంకో దారిలో వెళ్ళి ఉంటే నీకు కాబోయే మామగారే ఈపాటికి చంటిపిల్లల నెత్తిన నీళ్ళు చిలకరించడాన్ని సమర్థిస్తూ ఉండేవారు. ఎవరి నమ్మకాన్నీ చిన్నచేయడానికి ఈ మాట అనడం లేదు. గొంతులు కాస్త తగ్గుతాయని అంటున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. చరిత్ర మొదలెడితే ఆపవని మా ఆవిడ తిడుతుంది, అయినా ఇది చెప్పకుండా ఉండలేను.

1876 నుంచి 78 దాకా ధాత కరువు. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకున్నాడు. ఆకలికి చచ్చిపోతున్నవాళ్ళకి పని ఇచ్చి, కూలీ ఇచ్చి నిలబెట్టాడు. ఆయనతో ఉన్న తెలుగు బోధకులు కూలీల మధ్య తిరుగుతూ, సాయంత్రాలు కూర్చుని సువార్త చెప్పేవాళ్ళు. వేలమంది "మాకు బాప్తిస్మం ఇవ్వండి" అన్నారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, బియ్యం కోసం ఒక్కడు నీళ్ళల్లో దిగినా అది బాప్తిస్మం కాదని ఆయన భయం. కరువు సాగినంత కాలం ఆ తలుపు మూసే ఉంచాడు. 1878లో వానలు పడి, సాయం చేసే పని ముగిసి, ఇక మిషన్ దగ్గర పుచ్చుకోవడానికి ఏమీ లేనప్పుడు కూడా జనం వచ్చారు. అప్పుడు ఒప్పుకున్నాడు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది దిగారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఇచ్చారు.

ఆ 2,222 అంకె మా సంఘాల్లో చిన్నపిల్లాడికి కూడా నోటికి వచ్చు. వార్షిక సభల్లో దాని మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. దానికి ముందు ఆయన వద్దన్న నెలల గురించి మాత్రం ఎవరూ ప్రసంగం చెయ్యరు. నన్నడిగితే బాప్టిస్టు అన్న పేరుకి తగిన పని ఆయన చేసింది ఆ నెలల్లోనే.

అన్నం కోసం తీసుకున్నది బాప్తిస్మం కాదని క్లౌ దొర అనుకుంటే, పెళ్ళి మండపం కోసం తీసుకున్నది ఎలా అవుతుంది?

ఈ మాట పుస్తకాలు చదివి చెబుతున్నది కాదు. నేనే తప్పు చేసి చెబుతున్నాను. నేను కాపరినైన మూడో ఏడు, ఒక చిన్న ఊళ్ళో, నీలాగే వేరే సంఘం నుంచి కోడలిగా రాబోతున్న అమ్మాయికి శనివారం సాయంత్రం తొట్టిలో బాప్తిస్మం ఇచ్చి సోమవారం పెళ్ళి చేశాను. అడగాల్సిన ప్రశ్నలన్నీ అడిగాను. "ప్రభువును నీ సొంత రక్షకుడిగా అంగీకరించావా?" అంటే తల ఊపింది. ఆ ఊపులో ఏముందో చూడటానికి నాకు తీరిక లేదు, పెళ్ళి పందిరి వేస్తున్నారు. పద్నాలుగేళ్ళ తర్వాత ఒక ఉపవాస కూడికలో ఆమె నిజంగా ప్రభువు పాదాల దగ్గర పడింది. కూడిక అయ్యాక నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, ఆ రోజు నేను దిగింది మా అత్తగారి కోసం. ఇప్పుడు నాకోసం దిగాలనుంది. ఇస్తారా?" అంది. నాకు నోట మాట రాలేదు. ఇస్తే మొదటిది ఉత్తదని నేనే ఒప్పుకోవాలి. ఇవ్వకపోతే ఆమె మొదటిసారి తన నోటితో అడిగింది కాదనాలి. మీ లూథరన్లని "తెలియని బిడ్డకి ఇస్తారు" అని వేలెత్తి చూపించే మేము, తెలిసిన మనిషికి ఇష్టం లేకుండా ఇచ్చాం. రెండింటిలో ఏది ఎక్కువ తప్పో నువ్వే చెప్పు.

అందుకే నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అత్తగారి మాట కాదు, సంఘం షరతూ కాదు. "అరగంట పని" అన్న మాట. ఆ అబ్బాయి డీకను కొడుకు. తనూ ఏదో ఒక ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని, సంఘం ముందు సాక్ష్యం చెప్పి దిగినవాడే అయి ఉంటాడు. తన బాప్తిస్మం తనకి అరగంట పనేనా? పోట్లాటగా కాదు, నిజంగా తెలుసుకోవడానికి అడుగు: "మీరు దిగిన రోజు సంగతి నాకు చెప్పండి. ఏం అనుకుంటూ దిగారు?" అతను చెప్పే జవాబు మీ ఇద్దరి కాపురానికి ఈ గొడవ కంటే ఎక్కువ ముఖ్యం. అతను తడుముకుంటే కంగారు పడకు. పన్నెండేళ్ళకే స్నేహితులతో పాటు దిగేసినవాళ్ళు మా సంఘాల్లో చాలామందే ఉన్నారు. ఆ మాట అతను నిజాయితీగా నీతో ఒప్పుకుంటే అదీ మంచిదే.

అతనికి ఇంకో కథ చెప్పు, బాప్టిస్టు కథే. 1812లో అడోనిరాం జడ్సన్, ఆయన భార్య ఆన్ అమెరికా నుంచి ఓడలో కలకత్తాకి బయల్దేరారు. చంటిపిల్లలకి బాప్తిస్మం ఇచ్చే సంఘమే వాళ్ళని పంపింది. ఓడలో ఆయన బాప్తిస్మం గురించి కూర్చుని చదవడం మొదలెట్టాడు, మనసు బాప్టిస్టుల వైపు మళ్ళింది. భార్య ఏమందో తెలుసా? మీరు బాప్టిస్టు అయితే అవ్వండి, నేను మాత్రం అవను, అంది. ఆయన బలవంత పెట్టలేదు. ఆమె తనంతట తాను లేఖనాలు ముందేసుకుని చదివి, వాదించి, చివరికి ఒప్పుకుంది. ఆ సెప్టెంబరులో కలకత్తాలో ఇద్దరూ దిగారు. దాని ఫలితంగా అమెరికాలో బాప్టిస్టులు 1814లో మిషన్ సంఘం పెట్టుకున్నారు. మన తెలుగువాళ్ళ దగ్గరికి శామ్యూల్ డే దొరని పంపింది ఆ మిషనే. అంటే నీకు కాబోయే మామగారి సంఘం వేళ్ళు తవ్వుకుంటూ వెళితే, మొగుడి కోసం నేను మారనని మొండికేసిన ఒక భార్య కనిపిస్తుంది.

ఇంకా వెనక్కి వెళితే, 1612లో థామస్ హెల్విస్ అనే ఇంగ్లీషు బాప్టిస్టు, మనస్సాక్షి మీద రాజుకి అధికారం లేదని రాశాడు. దానికి జైల్లో పెట్టారు, అక్కడే పోయాడు. రాజుకే లేని అధికారం అత్తగారికి ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?

సరే, ఇక చెయ్యాల్సిన పనులు. ముందు వాళ్ళ పాస్టరు గారిని నువ్వే వెళ్ళి కలువు. అబ్బాయిని వెంట పెట్టుకుని వెళ్ళు, మామగారి ద్వారా కబుర్లు పంపకు. "అంటున్నారు" అని రాశావు కానీ ఆయన నోటి నుంచి ఏం వచ్చిందో నీకు తెలియదు. సంఘ నియమావళిలో సభ్యత్వానికి ముంచే బాప్తిస్మం కావాలని ఉండి ఉంటుంది, అది మాలో మామూలే. అది ఇంటికి చేరేసరికి "పెళ్ళికి కావాలి" అని మారిందేమో. బుధవారం కృష్ణ ఒడ్డున గుట్టుగా అన్న ఆలోచన ఆయనకి తెలిసే ఉండదు. తెలిస్తే ఆయనే ముందు వద్దంటాడని నా నమ్మకం. బాప్తిస్మం పదిమంది ముందు చెప్పే సాక్ష్యం. ఎవరికీ తెలియకూడని సాక్ష్యం ఏమిటి? పైగా తండ్రికి అబద్ధం చెప్పి కొత్త జీవితానికి గుర్తు వేయించుకోవడం, ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు జలదరించింది. అత్తగారు చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు, ఎవరినీ నొప్పించకుండా పని జరగాలని ఆవిడ ఆశ. అయినా ఆ దారి మాత్రం వద్దు.

ఆయన ముందు కూర్చున్నాక ఈ ఒక్క ప్రశ్న అడుగు: "అయ్యగారూ, నాకు ఇంకా మనసులో రూఢి కాలేదు. కాకుండానే దిగమంటారా?" అంతే. వాదించకు. రోమా 14లో పౌలు, విశ్వాసం నుంచి రానిది ఏదైనా పాపమే అన్నాడు. ఆ అధ్యాయం తెలిసిన బాప్టిస్టు కాపరి ఎవడూ నీ ప్రశ్నకి "అవును, దిగు" అనలేడు. అన్నాడంటే, ఆయన కాపరి పని పక్కన పెట్టి కల్యాణమండపం మేనేజరు పని చేస్తున్నట్టు.

పెళ్ళి సంగతి. మన దేశంలో క్రైస్తవుల పెళ్ళిళ్ళు 1872 నాటి చట్టం కింద జరుగుతాయి. అందులో క్రైస్తవుడు అంటే క్రైస్తవ మతాన్ని అవలంబించేవాడు, అంతవరకే. ముంచారా, చిలకరించారా అన్నది చట్టం అడగదు. వాళ్ళ గుడిలో కుదరదంటే గుంటూరులో మీ గుడిలో చేసుకోండి. ఆడపిల్ల ఇంటి దగ్గర పెళ్ళి చేయడం మనకి కొత్తా? పెళ్ళి ప్రకటనలు రెండు సంఘాల్లోనూ చదివించండి. వాళ్ళ పాస్టరు గారిని పిలిచి వాక్యం చదవమనో, దంపతుల కోసం ప్రార్థన చేయమనో అడగండి. మీ నాన్నగారే స్వయంగా విజయవాడ వెళ్ళి పిలిస్తే ఇంకా మంచిది. సగం మంచు అక్కడే కరుగుతుంది. డీకను గారికి సంఘంలో కొంచెం తల వంపుగా ఉంటుంది, నిజమే. నలుగురు నాలుగు మాటలంటారు, తర్వాత భోజనాల్లో పడి మర్చిపోతారు.

సభ్యత్వం పెళ్ళితో కలిపి ఇచ్చే సరుకు కాదు. దానికి ముంచే బాప్తిస్మం అడిగే హక్కు ఆ సంఘానికి ఉంది, తీసుకోకుండా ఆగే హక్కు నీకు ఉంది. కొన్నాళ్ళు నీ సభ్యత్వం గుంటూరులోనే ఉండనీ, సభ్యత్వం మార్చుకునే ఉత్తరం తీసుకెళ్ళకు. ఆదివారం మీ ఆయన పక్కన కూర్చుని ఆరాధించు, స్త్రీల సమాజానికి వెళ్ళు, పాటలు పాడు. ప్రభువు బల్ల విషయంలో మా సంఘాలన్నీ ఒకే రకం కాదు, ఏ సంఘం సంగతి ఆ సంఘమే తేల్చుకుంటుంది. ముంచే బాప్తిస్మం లేనివాళ్ళకి ఇవ్వకూడదనేవాళ్ళూ ఉన్నారు, ప్రభువు పిల్లలందరికీ అని ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. ఇది ఇప్పటి తగువు కాదు. 1673లోనే జాన్ బన్యన్ అనే ఇంగ్లీషు బోధకుడు, నీళ్ళ విషయంలో తేడా బల్ల దగ్గర అడ్డు రాకూడదని వాదించి తోటి బాప్టిస్టుల చేత తిట్లు తిన్నాడు. స్పర్జన్ అనే బాప్టిస్టు బోధకుడు కూడా లండన్‌లో తన సంఘ సభ్యత్వానికి ముంచే బాప్తిస్మం ఉండాలన్నాడు గానీ బల్ల దగ్గర తలుపు తెరిచే ఉంచాడు. నేను వాళ్ళ పక్షమే. మీ అత్తగారి సంఘం ఆ పక్షం కాకపోతే అక్కడ గొడవ పెట్టుకోకు. రొట్టె పళ్ళెం నిన్ను దాటి వెళ్ళేటప్పుడు బాధగా ఉంటుంది, ఉండదని చెప్పను. నెలకి ఒక్క ఆదివారం పొద్దున్నే రైలెక్కితే గంటలో గుంటూరు. మీ గుడిలో బల్ల తీసుకుని, నాయనమ్మ చేతి అన్నం తిని సాయంత్రానికి వచ్చేయొచ్చు. ఆయన్ని కూడా అప్పుడప్పుడు తీసుకెళ్ళు.

ఇక నువ్వు ఎవరికీ చెప్పనిది. అది చదివి నాకు సంతోషం వేసింది, వెంటనే భయమూ వేసింది. కాలేజీలో నీలో మొలిచింది నిజమైన మొక్కే కావచ్చు. అందుకే దాన్ని ఇప్పుడు పీకి చూడొద్దంటున్నాను. ఒక రాత్రి ఒక్కదానివే కూర్చుని ఆలోచించుకో: రేపు పొద్దున్న ఈ సంబంధం తప్పిపోయిందనుకో, ఆ అబ్బాయిని మళ్ళీ చూడవనుకో. అప్పుడు కూడా నీళ్ళల్లో దిగాలని ఉంటుందా? ఉంటుంది అనిపిస్తే అది నీదే, ఎక్కడికీ పోదు, పెళ్ళయి ఏడాది గడిచాక కూడా అక్కడే ఉంటుంది. "అమ్మయ్య, తప్పింది" అనిపిస్తే అది వాళ్ళది.

ఆ ఏడాదిలో తీరిగ్గా చదువుకో. అపొస్తలుల కార్యములు 2, 8, 16, రోమా 6, మీవాళ్ళు ఎక్కువగా చెప్పే కొలొస్సయి 2. అబ్బాయితో కలిసి కొన్ని, నాన్నగారితో కలిసి కొన్ని. చెరసాల అధిపతి ఇంటివారందరూ బాప్తిస్మం పొందారన్న చోట నాన్నగారు చిటికెన వేలంత పిల్లల్ని చూపిస్తారు. మామగారు, ఇంటివారందరికీ వాక్యం బోధించారనీ అందరూ సంతోషించారనీ చూపిస్తారు. ఇద్దరి మాటా విను. నేను మామగారి వైపే మాట్లాడతాను, కానీ నిన్ను ఒప్పించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

ఎప్పుడైనా నిజంగా దిగాలనిపిస్తే మాత్రం ముందు నాన్నగారికి చెప్పు. స్పర్జన్ వాళ్ళది కూడా చంటిపిల్లలకి బాప్తిస్మం ఇచ్చే కుటుంబమే. 15 ఏళ్ళప్పుడు తల్లిదండ్రులకి ఉత్తరం రాసి, ఒప్పుకున్నాకే 1850 మే 3న ఒక నదిలో దిగాడు. వాళ్ళమ్మ, నిన్ను క్రైస్తవుణ్ణి చేయమని ప్రార్థించాను గానీ బాప్టిస్టుని చేయమని అడగలేదురా అందట. దేవుడు అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాడమ్మా అన్నాడట కొడుకు. ఆ ఇంట్లో అంత నవ్వు మిగిలింది చెప్పి చేశాడు గనకే. మీ నాన్నగారు ఆ రోజు ఒడ్డున నిలబడకపోవచ్చు. కానీ అన్నం మానెయ్యరు.

పెళ్ళికి ముందే ఆ అబ్బాయితో తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. నీ ఉత్తరంలో అది లేదు. మీకు పిల్లలు పుడితే? మీ నాయనమ్మ బిడ్డని ఎత్తుకుని మీ గుడి బలిపీఠం ముందు నిలబడాలనుకుంటుంది. అత్తగారింట్లో శిశు ప్రతిష్ఠ (బిడ్డని దేవుడికి అప్పగించే ప్రార్థన) చేసి, బాప్తిస్మం పిల్లాడు పెద్దయ్యాక అంటారు. నీళ్ళు ఇప్పుడు నీ ఒక్కదాని తల మీద ఉన్నాయి, అప్పుడు మీ ఇద్దరి మధ్య ఉంటాయి. బాలింతగా మంచం మీద ఉండి తేల్చుకునే సంగతి కాదది. నా సలహా, మా మామూలు ప్రకారం ప్రతిష్ఠ చేయించి, బాప్తిస్మం బిడ్డకే వదిలేయమని. కానీ నేను చెప్పే సలహా అలాగే ఉంటుంది కదా, నువ్వు దానికి తగ్గ విలువే ఇచ్చుకో. ఇద్దరూ కలిసి ఏది అనుకున్నా సరే, అనుకున్నది రెండిళ్ళకీ ముందే చెప్పండి.

"దిగకపోతే పెళ్ళే లేదు" అని వాళ్ళు అంటే ఏం చెయ్యాలని నువ్వు అడగలేదు, అడగడానికి భయపడ్డావేమో. ఆ మాట పెద్దవాళ్ళు అంటే, అబ్బాయి ఏమంటాడో చూడు. నేను చెప్పగలిగింది అంతవరకే. అతను నీ పక్కన నిలబడితే పెద్దవాళ్ళు నెల రోజుల్లో దిగివస్తారు, ఎన్నో ఇళ్ళల్లో చూశాను. నిలబడకపోతే, ఇది మీ నాన్నగారితో కూర్చుని మాట్లాడాల్సిన సంగతి. నా వంటి బయటివాడు ఉత్తరంలో తేల్చేది కాదు.

ఇక సండే స్కూలు. ఆ పాఠం దాటేయకు. పిల్లలు నీళ్ళు ఎంత లోతని అడుగుతారు, ముంచాడా పోశాడా అని అడుగుతారు. పెద్దయ్యాక వాదించుకుంటారులే అని నవ్వేయ్. వాళ్ళకి ఇష్టమైనది రథం, బొమ్మ గీయించు. ఎడారి దారిలో ఐతియొపీయుడి రథం పోతోంది, ఫిలిప్పు పక్కన కూర్చుని యెషయా గ్రంథం విప్పి చెబుతున్నాడు, దారి పక్కన నీళ్ళు కనిపించాయి. అప్పుడు వాళ్ళని అడుగు, రథం ఆపమన్నది ఎవరని. సగం మంది ఫిలిప్పు అంటారు. పుస్తకం తెరిచి చదివించు. ఫిలిప్పు కాదు, అతనే ఆపమన్నాడు.